గబ్బిలాన్ని దూతగా పంపిన పంతులుగారు: గుఱ్ఱం జాషువా



మీ తెలుగు వాచకంలో గుఱ్ఱం జాషువా పేరు చూసే ఉంటారు. పద్యాలకు ముందు ఒక చిన్న పెట్టెలో కవి పుట్టిన తేదీ, ఊరు, రచనలు, బిరుదులు వరుసగా ఉంటాయి. పరీక్షకు అవి చాలు. ఆ పెట్టెలో పట్టని సంగతులు మాత్రం చాలా ఉన్నాయి. బడిలో అవమానపడిన ఒక పిల్లవాడు పెద్దయ్యాక బడి పంతులే ఎందుకయ్యాడు? తనను సభలోకి రానివ్వని సాహిత్యాన్ని తన సొంతం ఎలా చేసుకున్నాడు? తన బాధ చెప్పుకోవలసిన మనిషి ఎక్కడో ఇరాన్ దేశపు కవి కోసం ఎందుకు కన్నీరు పెట్టాడు? ఈ సంచికలో ఆ కథ చెప్పదలచుకున్నాం.

దీనికి ఒక కారణం ఉంది. మన విద్యాలయంలో ఏటా నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవం జరుపుకుంటాం. పీఠిక చదువుతాం, హక్కుల మీద ఉపన్యాసాలు వింటాం. మరోసారి ‘ఏక్ భారత్ శ్రేష్ఠ్ భారత్’ పేరుతో ఇతర రాష్ట్రాల పాటలు, వేషాలు, వంటలు చూస్తాం. మొదటిది మార్కుల పాఠంగా, రెండోది పండుగగా మీ మనసులో ఉండిపోతాయి. ఈ రెంటికీ సంబంధం ఉందని మీకు తోచదు. జాషువా జీవితం చదివితే ఆ రెండూ ఒకే పాఠంలోని రెండు భాగాలని తెలుస్తుంది. ఆ పాఠాన్ని ఆయన కళ ద్వారా చెప్పారు.

బాల్యం

జాషువా 1895 సెప్టెంబరు 28న గుంటూరు జిల్లా వినుకొండలో జన్మించారు. ఇప్పుడు ఆ ఊరు పల్నాడు జిల్లాలో ఉంది. తండ్రి వీరయ్యది యాదవ కులం, తల్లి లింగమ్మది మాదిగ కులం. కుటుంబం క్రైస్తవ కుటుంబం. ఆ కాలంలో కొన్ని కులాల్లో పుట్టినవారిని తాకితేనే మైల అనుకునేవారు. ఊరి బావిలో నీళ్లు తోడనిచ్చేవారు కాదు, గుడి మెట్లు ఎక్కనిచ్చేవారు కాదు. అలా దూరం పెట్టిన కులాల్లో లింగమ్మ కులం ఒకటి. వేర్వేరు కులాల వారు పెళ్లి చేసుకోవడం అరుదైన ఆ రోజుల్లో ఆ దంపతుల బిడ్డగా పుట్టిన జాషువాకు ఇంటి గడప దాటగానే మాటలు పడవలసి వచ్చేది.

బడిలో చేరాక ఆ మాటలు మరీ ఎక్కువయ్యాయి. పిల్లలు కులం పేరుతో వెక్కిరించేవారు. జాషువా తల దించుకుని ఊరుకునే రకం కాదు, తిరగబడేవారు. అయితే ఆయన చేతులు దెబ్బలాటకు మాత్రమే పరిమితం కాలేదు. చిన్నతనం నుంచే బొమ్మలు గీయడమంటే ఇష్టం, పాటలు పాడటమంటే ఇష్టం. అక్షరాల కంటే ముందు రంగు, రాగం ఆయనను పట్టుకున్నాయి. ఆయన పద్యాలు చదివితే కంటికి బొమ్మ కట్టినట్టు ఉంటాయని అందరూ అనేది బహుశా ఇందుకే.

ఆ ఊళ్లోనే ఆయనకు మంచి స్నేహం కూడా దొరికింది. తరువాతి కాలంలో కవిగా పేరు తెచ్చుకున్న దీపాల పిచ్చయ్యశాస్త్రి ఆయన బాల్యమిత్రుడు. ఆయన సాంగత్యంలో జాషువాకు కవిత్వం మీద మక్కువ పెరిగింది. జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర కాళిదాసు కావ్యాలు చదువుకున్నారు. మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం ఆయనకు అలా దక్కాయి. కులం గోడ ఎంత ఎత్తు ఉన్నా దాని పక్కనే నిలబడి పుస్తకం అందించిన చేతులు కూడా ఉన్నాయని మరిచిపోవద్దు. జాషువా జీవితంలో ఈ రెండూ కనిపిస్తాయి. రెంటినీ చెప్పినప్పుడే నిజం చెప్పినట్టు.

రెండు వైపులా వెలి

యువకుడిగా ఉన్నప్పుడు వినుకొండలో జరిగిన ఒక అవధాన సభలో జాషువా తన పద్యాలు చదివారు. పద్యాలు బాగున్నాయా లేవా అన్న చర్చ రాలేదు. తక్కువ కులం వాణ్ణి సభలోకి ఎవరు రానిచ్చారన్న ప్రశ్న లేచింది. ఆ అవమానం ఆయన మనసులో జీవితాంతం ఉండిపోయింది.

ఇది ఒక వైపు. రెండో వైపు కూడా వినండి. జాషువా రాసిన తొలి కావ్యాల్లో రుక్మిణీ కల్యాణం, కుశలవోపాఖ్యానం, ధ్రువ విజయం లాంటివి ఉన్నాయి. క్రైస్తవుడై ఉండి హిందూ పురాణ కథలు రాయడమేమిటని సొంత మతంలోని పెద్దలు కోపగించి ఆయన కుటుంబాన్ని సంఘం నుంచి వెలివేశారు. ఒక చోట కులం తక్కువన్నారు, మరొక చోట మతం దాటావన్నారు. ఈ రెంటి మధ్య చిక్కుకున్న మనిషి విసిగి కలం పడేసినా ఎవరూ తప్పు పట్టేవారు కాదు.

ఆయన పడేయలేదు. రాముడి కథ, కృష్ణుడి కథ, కాళిదాసు కవిత్వం పుట్టుకతో ఎవరికో రాసిచ్చిన ఆస్తి అని ఆయన ఒప్పుకోలేదు. నేర్చుకున్నవాడిదే విద్య అని ఆయన నమ్మకం. పిల్లలూ, హక్కు అంటే మనకు ఓటు, బడి, జీతం లాంటివి గుర్తుకొస్తాయి. కథ మీద హక్కు, పాట మీద హక్కు, భాష మీద హక్కు కూడా ఉంటాయి. చట్టంలో వాటికి విడిగా ఒక నిబంధన కనిపించకపోవచ్చు. జాషువా ముందుగా నిలబడింది వాటి కోసమే.

మూడు రూపాయల పంతులు

1910లో మేరీతో ఆయన వివాహం జరిగింది. సంసారం గడవాలి. మిక్కిలిపాడు అనే ఊళ్లో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడిగా నెలకు మూడు రూపాయల జీతం మీద చేరారు. ఉద్యోగం కోసం వినుకొండ నుంచి రోజూ నడిచి వెళ్లిన రోజులు కూడా ఉన్నాయి.

తరువాత రాజమండ్రి వెళ్లారు. 1915, 1916 సంవత్సరాల్లో అక్కడ ఒక చిత్రమైన ఉద్యోగం చేశారు. అప్పటికి సినిమాలకు మాటలు రాలేదు. తెర మీద బొమ్మలు కదులుతాయి, పెదవులు ఆడతాయి, శబ్దం ఉండదు. తెర పక్కన ఒక మనిషి నిలబడి జరుగుతున్న కథను, పాత్రల సంభాషణలను చదువుతూ పోవాలి. జాషువా ఆ వాచకుడి పని చేశారు. మన దేశంలో తొలి కథాచిత్రం ‘రాజా హరిశ్చంద్ర’ వచ్చింది 1913లోనే. కాబట్టి ఆ రోజుల్లో తెర మీద కనిపించేవారిలో ఎక్కువమంది పరాయి దేశపు మనుషులే. వారి నవ్వును, ఏడుపును తెలుగు ప్రేక్షకుడికి తెలుగులో అందించాలి. ఆ మనిషి దుస్తులు వేరు, ఇల్లు వేరు, తిండి వేరు. కానీ బిడ్డ తప్పిపోతే తల్లి పడే వేదన వేరు కాదు. ఆ పని చేస్తూ జాషువా ఏం నేర్చుకున్నారో మేము ఊహించగలం. పరాయివాడి నోటికి మన మాట ఇవ్వాలంటే ముందు అతడి మనసులోకి వెళ్లాలి.

ఆ పైన గుంటూరులో లూథరన్ సంఘం నడిపే ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదేళ్లు బోధించారు. ఉభయభాషా ప్రవీణ పట్టా పొందారు. 1928 నుంచి 1942 వరకు గుంటూరులో తెలుగు పండితుడిగా పనిచేశారు. ఊరు మారి, బడి మారి, మళ్లీ మొదటి నుంచి పిల్లల పేర్లు నేర్చుకోవడం మాలాంటి బదిలీ ఉపాధ్యాయులకు బాగా తెలిసిన పని. కానీ మూడు రూపాయల జీతం నుంచి పండిత పదవి దాకా ఆయన నడిచిన దారి మేము నడిచిన దారి కంటే చాలా కష్టమైనది. ఏ సభ అయితే పద్యం చదవడానికి వీల్లేదందో, ఆ పద్యాన్నే పిల్లలకు నేర్పే అధికారం ఆయన చదువుతో సంపాదించుకున్నారు.

ఇరాన్ కవి కోసం తెలుగు కన్నీరు

ఆయనకు గొప్ప పేరు తెచ్చిన రెండు కావ్యాలూ ఆ పండిత ఉద్యోగంలో ఉండగా వచ్చినవే. మొదటిది 1932లో వెలువడిన ‘ఫిరదౌసి’.

ఫిరదౌసి సుమారు వెయ్యేళ్ల కిందటి పారసీక కవి. ఇరాన్ దేశపు రాజుల గాథలన్నీ కూర్చి ‘షానామా’ అనే మహాకావ్యం రాశాడు. అందుకు ముప్పై ఏళ్లకు పైగా పట్టిందంటారు. ఆయన గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. పద్యానికొక బంగారు నాణెం ఇస్తానని గజనీ మహమ్మదు మాట ఇచ్చాడు. కావ్యం పూర్తయ్యాక బంగారానికి బదులు వెండి నాణేలు పంపాడు. కవి మనసు విరిగి ఊరు విడిచి వెళ్లిపోయాడు. చాలాకాలానికి సుల్తాను పశ్చాత్తాపపడి బంగారం పంపితే, ఆ మూటలు ఊళ్లోకి వస్తున్న వేళకే కవి పాడె ఊరు దాటుతోంది. జాషువా ఈ కథను తెలుగు పద్యాల్లో చెప్పారు.

ఒక్కసారి ఆలోచించండి. గజనీ మహమ్మదు మీ చరిత్ర పుస్తకంలో దండయాత్రల రాజు. ఆ ఒక్క పేరు తలచుకుని ఆ దేశం వారందరూ అంతే అనుకోవడం సులువు. గుంటూరులో కూర్చున్న తెలుగు పండితుడు అదే కొలువులో ఒక కవిని చూశాడు. రాజు మాట తప్పితే కడుపు మండిన శ్రమజీవిని చూశాడు. చేసిన పనికి తగిన ప్రతిఫలం అందకపోవడం ఎలా ఉంటుందో జాషువాకు ఎవరూ చెప్పనవసరం లేదు. అందుకే భాష, మతం, దేశం, వెయ్యేళ్ల కాలం అన్నీ దాటి ఆ బాధ ఆయనకు అందింది. ఇతర సంస్కృతుల గురించి తెలుసుకోవడమంటే వారి దుస్తులు వేసుకుని వేదిక మీద నిలబడటంతో అయిపోదు. వారికి జరిగిన అన్యాయం మనకు కూడా నొప్పి కలిగించాలి. ఆయన తరువాత కూడా ఈ దారి విడువలేదు. ముంతాజ్ మహల్ మీద రాశారు, నేతాజీ మీద రాశారు, బాపూజీ మీద రాశారు, క్రీస్తు జీవితాన్ని తెలుగు పద్యకావ్యంగా రాశారు.

గుడిలోకి వెళ్లగల జీవి

రెండో కావ్యం 1941లో వచ్చిన ‘గబ్బిలం’. దీన్ని అర్థం చేసుకోవాలంటే ముందు కాళిదాసు మేఘసందేశం గురించి రెండు మాటలు చెప్పాలి. శాపం వల్ల భార్యకు దూరమై రామగిరి మీద ఉంటున్న ఒక యక్షుడు ఆకాశంలో వెళ్లే మబ్బును పిలిచి, అలకాపురిలో ఉన్న తన భార్యకు కబురు చెప్పమని కోరతాడు. మబ్బు వెళ్లవలసిన దారిలోని నదులు, కొండలు, నగరాలు అన్నీ వర్ణిస్తాడు. ఆ రామగిరి ఎక్కడుందన్న విషయంలో రెండు వాదాలున్నాయి. కొందరు నాగపూర్ దగ్గరి రామ్‌టెక్ అంటారు. మరికొందరు మన ఛత్తీస్‌గఢ్‌లోని సర్గుజా జిల్లా రామ్‌గఢ్ కొండ అంటారు. ఏది నిజమైనా ఆ మబ్బు బయలుదేరిన చోటు మనకు మరీ దూరం కాదు.

జాషువా ఆ పాత పద్ధతిని తీసుకుని మనుషులను మార్చారు. యక్షుడి చోట తంజావూరు ప్రాంతంలో ఉండే ఒక పేదవాడు. దళితుడు, చెప్పులు కుట్టి బతికేవాడు. మబ్బు చోట గబ్బిలం. ఒక రాత్రి అతడి గుడిసెలోకి గబ్బిలం వస్తుంది. అతడు దాన్ని పలకరించి తన కష్టమంతా చెప్పుకుంటాడు. కాశీ వెళ్లి, పూజారి లేని సమయం చూసి విశ్వనాథుడికి తన మొర వినిపించమని వేడుకుంటాడు.

గబ్బిలమే ఎందుకు? ఈ ప్రశ్న తరగతిలో వేస్తే మొదట మీరు నవ్వారు. నవ్వండి, పరవాలేదు. గబ్బిలం ఇంట్లోకి వస్తే అశుభమని తరిమేస్తారు. చూస్తే పక్షిలా ఎగురుతుంది, కానీ పక్షుల్లో చేర్చరు. జంతువే అయినా జంతువుల్లో కలపరు. అందరూ దూరం పెట్టిన జీవి అది. కానీ గుడిలో మాత్రం దానికి అడ్డు లేదు. గర్భగుడి చీకట్లో, దేవుడి తల పైన హాయిగా వేలాడుతుంది. ఏ పూజారీ దాన్ని కులం అడగడు. ఆ గుడి కట్టడానికి చెమటోడ్చిన మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉంది. జాషువా ఈ కథను ఇలా అమర్చారు. ఆ అమరికే న్యాయం అడుగుతుంది. వేరే ఉపన్యాసం అక్కరలేదు.

ఇంకో సంగతి. గబ్బిలం వెళ్లే దారిలోని ఊళ్లను, నదులను, వీరులను, కవులను ఆ పేదవాడు ఎంతో ప్రేమగా వర్ణిస్తాడు. ఏ దేశం తనను వాకిట్లో నిలబెట్టిందో ఆ దేశపు గొప్పతనం అతడి నోటి వెంటే వింటాం. ఈ నేల నాది, ఈ చరిత్ర నాది, ఈ దేవుడు నావాడు, మరి తలుపు ఎందుకు మూసి ఉంది అన్నది అతడి ప్రశ్న. కోపం ఉంది, కానీ ఆ కోపంలో పరాయితనం లేదు.

ఆ కావ్యం వచ్చిన కాలం కూడా గుర్తుంచుకోవాలి. 1936లో తిరువాన్కూరు సంస్థానం ఆలయ ప్రవేశ ప్రకటన చేసింది. 1939లో మదురై మీనాక్షి ఆలయంలోకి దళితులు ప్రవేశించారు. దేశమంతా ఈ తలుపుల గురించే వాదనలు జరుగుతున్నాయి. 1950 జనవరి 26న మన రాజ్యాంగం అమలులోకి వచ్చింది. అంటరానితనాన్ని రద్దు చేస్తున్నామని 17వ అధికరణం ప్రకటించింది. దుకాణాలు, బావులు, చెరువులు, రోడ్లు వాడుకోవడంలో కులం పేరుతో ఎవరినీ అడ్డుకోరాదని 15వ అధికరణం చెప్పింది. చట్టానికి తొమ్మిదేళ్ల ముందే ఒక తెలుగు పంతులు ఆ మాటను గబ్బిలానికి చెప్పి పంపారు.

గొప్పవారికే కాదు, సాలెపురుగుకూ పద్యం

జాషువా కళ్లు పెద్ద విషయాల మీదే నిలబడలేదు. సాలీడు గూడు అల్లడం, గిజిగాడు కొమ్మకు ఊయల లాంటి ఇల్లు కట్టడం, పాలు తాగే పసిబిడ్డ, ఊరి చివరి శ్మశానం, ఇవన్నీ ఆయన పద్యాల్లో ఉన్నాయి. ఏ బడికీ వెళ్లని పిట్ట అంత నేర్పుగా ఇల్లు అల్లితే ఆయన ముచ్చటపడి నిలబడి చూశారు. చిన్నదని, నల్లదని, పనికిరానిదని దేన్నీ తోసెయ్యని చూపు అది. ఆ చూపు అలవాటైన పిల్లవాడు రేపు ఏ మనిషినీ అలా తోసెయ్యడు.

ఆయన కాలంలోనే చాలామంది కవులు ఛందస్సు వదిలి కొత్త దారులు పట్టారు. జాషువా పద్యాన్ని వదలలేదు. పండితులు తమదే అనుకున్న ఆ పాత్రలోనే తన నీళ్లు పోశారు. చదువురాని మనిషికి కూడా చెవికి ఇంపుగా వినిపించేలా, తేలిక మాటలతో, పాడుకోవడానికి వీలుగా రాశారు. రంగస్థల నటులు వాటిని రాగయుక్తంగా పాడి ఊరూరా చేర్చారు.

గౌరవాలు, చివరి రోజులు

ఏ సమాజం వెలివేసిందో ఆ సమాజమే తరువాత ఆయనను పిలిచి గౌరవించింది. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి, తెలుగు సాహిత్యంలో గురువులకే గురువు, స్వయంగా జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. కవికోకిల, నవయుగ కవిచక్రవర్తి అనే బిరుదులు వచ్చాయి. 1957 నుంచి 1959 వరకు మద్రాసు ఆకాశవాణిలో కార్యక్రమాల నిర్మాతగా పనిచేశారు. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ శాసనమండలి సభ్యులయ్యారు. భారత ప్రభుత్వం పద్మభూషణ్‌తో సత్కరించింది. తన జీవితాన్ని ‘నా కథ’ పేరుతో పద్యాల్లోనే రాసుకున్నారు. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు.

ఆయన కుమార్తె హేమలతా లవణం తండ్రి పద్యాల్లోని మాటను పనిగా మార్చారు. నేరస్థులని ముద్ర పడిన కుటుంబాల మధ్య, జోగినులుగా మారిన ఆడపిల్లల మధ్య ఆమె ఏళ్ల తరబడి పనిచేశారు. కవిత్వం పుస్తకంలో ఆగిపోకుండా ఇంటి మనిషి చేతుల్లోకి వెళ్లింది.

స్మృతి నగర్‌లో గబ్బిలం

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మేము ఎడారి అంచున ఉన్న ఊళ్లో పనిచేశాం, బ్రహ్మపుత్ర ఒడ్డున పనిచేశాం, ఇప్పుడు భిలాయిలో ఉన్నాం. ఈ ఊరు ఉక్కు కోసం పుట్టింది. సోవియట్ సహకారంతో కట్టిన కర్మాగారంలో 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మండింది. పని కోసం దేశం నలుమూలల నుంచి మనుషులు వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన మన తెలుగువారు కూడా అందులో ఉన్నారు. అందుకే స్మృతి నగర్‌లో ఒక వీధి నడిస్తే ఒక ఇంట్లో తెలుగు, పక్క ఇంట్లో ఒడియా, ఎదురింట్లో బెంగాలీ, మూల దుకాణంలో ఛత్తీస్‌గఢీ వినిపిస్తాయి. మీలో చాలామందికి తెలుగు ఇంట్లో మాట్లాడే భాష, రాయడం మాత్రం కష్టం. మాకు ఆ సంగతి తెలుసు. అందుకే పద్యం అప్పజెప్పించే ముందు రంగులు, చార్టు ఇచ్చాం.

మొదటి రోజు భారతదేశపు పటం గీశారు. తంజావూరు నుంచి కాశీకి గబ్బిలం ఎగిరే దారి గీయమన్నాం. దారిలో మీకు తెలిసిన ఊళ్లలో దాన్ని ఒక్క పూట ఆపమన్నాం. ఒకరు అమ్మమ్మగారి ఊరు టెక్కలిలో ఆపారు, మరొకరు పూరీలో ఆపారు. గబ్బిలం భిలాయిలో దిగితే ఏం చూస్తుందని అడిగితే చిమ్నీలు, శివనాథ్ నది గీశారు.

ఇంకొకరు తెల్ల జెండా ఎగురుతున్న ఎత్తైన స్తంభం గీశారు. అది సత్‌నామీల జైత్‌ఖామ్. డిసెంబరు 18న గురు ఘాసీదాస్ జయంతి నాడు మన చుట్టుపక్కల మీరు చూసేదే. 1756లో గిరౌద్‌పురిలో పుట్టిన ఘాసీదాస్ మనుషులంతా సమానమని ఈ నేల మీద బోధించారు. ఆ మాటను మాందర్ దరువుల మీద పంథీ నృత్యంగా నేటికీ ఆడి పాడతారు. దేవదాస్ బంజారే ఆ నృత్యాన్ని విదేశీ వేదికల దాకా తీసుకెళ్లారు. ఇంతకుముందు పంథీ మీకు వార్షికోత్సవంలో చూసే డాన్సు. గబ్బిలం పక్కన పెట్టి చూశాక దాని అర్థం మీకే తెలిసింది. వినుకొండ పద్యం, గిరౌద్‌పురి పాట ఒకే మాట చెబుతున్నాయి. పక్కవాడి కళ లోతు తెలిస్తే మన కళ లోతు కూడా తెలుస్తుంది.

రెండో రోజు గబ్బిలంతో మీరు పంపదలచిన కబురు రాయమన్నాం. పేరు రాయనవసరం లేదన్నాం. కొందరు హోంవర్కు తగ్గించమని రాశారు, నవ్వుకున్నాం. ఒక చీటీలో మాత్రం వంకర అక్షరాలతో రెండు వాక్యాలున్నాయి. మా ఇంట్లో పనిచేసే ఆంటీకి టీ తాగడానికి వేరే గ్లాసు ఉంది. అది వంటింట్లో కాకుండా బయట కిటికీ దగ్గర ఉంటుంది. అంతే రాసి ఉంది. అది ఎవరు రాశారో మేము అడగలేదు, ఇప్పుడూ అడగం. 17వ అధికరణం సంఖ్య ఆ చేతికి గుర్తుందో లేదో మాకు తెలియదు. కానీ రోజూ చూస్తున్న కిటికీ దగ్గరి గ్లాసు మొదటిసారి ఆ కంటికి కనిపించింది. ఆ గ్లాసును మార్కుల పాఠం చూపించలేదు, ఒక గబ్బిలం కథ చూపించింది.

చట్టం అవసరం. చట్టం లేకపోతే మూసిన తలుపు తెరుచుకోదు. అయితే తలుపు మూసి ఉందని చూడగల కన్ను కూడా కావాలి. మన రాజ్యాంగ నిర్మాతలకు ఈ సంగతి తెలుసేమో! శాంతినికేతన్ చిత్రకారుడు నందలాల్ బోస్, ఆయన శిష్యులు రాజ్యాంగ మూలప్రతిని బొమ్మలతో అలంకరించారు. మొహెంజొదారో ఎద్దు, బుద్ధుడు, అక్బరు, శివాజీ, ఝాన్సీ లక్ష్మీబాయి, గాంధీజీ ఆ పుటల్లో ఉన్నారు. హక్కుల పుస్తకంలోనే దేశపు సంస్కృతులన్నీ రంగుల్లో ఉన్నాయి. ఈసారి గ్రంథాలయంలో ఆ ప్రతి నకలు దొరికితే అక్షరాలతో పాటు బొమ్మలు కూడా చూడండి.

చివరగా ఒక పని. సెప్టెంబరు 28 జాషువా జయంతి. ఆ రోజు ఉపన్యాస పోటీ వద్దనుకున్నాం. ప్రతి ఒక్కరూ తమ ఇంటి భాష కాని మరో భాషలో ఒక కథ తెలుసుకుని, దానికి ఒక బొమ్మ గీసి, తెలుగులో రెండు వాక్యాలు రాసి తీసుకురండి. పక్కింటి అమ్మను అడగండి, బస్సు డ్రైవర్‌ను అడగండి, మీ ఇంట్లో పనికి వచ్చే ఆంటీని కూర్చోబెట్టి అడగండి. ఆమెకు టీ ఇచ్చేటప్పుడు ఏ గ్లాసు తీయాలో మీకు ఇప్పుడు తెలుసు.